సిడ్నీ: సర్క్యులర్ కీ పక్కన ఉన్న ఆర్ట్ మ్యూజియానికి అమ్మానాన్నలను తీసుకెళ్ళొచ్చా?

బ్లాక్‌టౌన్_బిందు

అందరికీ నమస్తే. వచ్చే నెల మా అమ్మానాన్నలు కాకినాడ నుంచి వస్తున్నారు. ఒపెరా హౌస్, బ్రిడ్జి, మాన్లీ ఫెర్రీ, బ్లూ మౌంటెన్స్ ఎలాగూ లిస్టులో ఉన్నాయి. సర్క్యులర్ కీ దగ్గర, రాక్స్ వైపు, నీళ్ళకి ఎదురుగా ఒక పసుపు రాతి బిల్డింగ్ ఉంటుంది కదా, మ్యూజియం ఆఫ్ కంటెంపరరీ ఆర్ట్. దాని ముందు గడ్డిలో కూర్చుని ఐస్‌క్రీం తినడమే కానీ ఎప్పుడూ లోపలికి వెళ్ళలేదు. ఈసారి వెళ్దామని నాకు మనసులో ఉంది. మా ఆయనేమో "మనిషికి 20 డాలర్లు పెట్టి గీతలు చూడ్డం ఎందుకు, ఆ డబ్బుతో హారిస్ పార్క్‌లో అందరం కడుపునిండా దోసెలు తినొచ్చు" అంటారు.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నాన్నకి 70 దాటాయి, బొమ్మలంటే పెద్ద ఆసక్తి లేదు, ఏదైనా ఎలా పని చేస్తుందో చెబితే మాత్రం వింటారు. వెళ్ళినవాళ్ళు ఎవరైనా చెప్పండి, వెళ్ళొచ్చా, లేక బయట ఫోటో తీసుకుని వచ్చేయడమే మంచిదా?

లెక్కల_మాస్టారు

బయట ఫోటోనే మంచిది. నేను చెప్తున్నా కదా.

2019 డిసెంబరులో మా అల్లుడు తీసుకెళ్ళాడు. ఒక గది నిండా విరిగిన చెక్కలు, తుక్కు సామాను తీగలకి వేలాడదీసి ఉన్నాయి. ఏమిటయ్యా ఇది అంటే, ఒక షెడ్డుని బాంబు పెట్టి పేల్చి, ఆ ముక్కలన్నీ ఏరుకొచ్చి కట్టారట. మా ఊళ్ళో తుఫాను వచ్చిన మర్నాడు ప్రతి పెరట్లోనూ ఇదే ప్రదర్శన, టికెట్ లేదు.

చిత్రలేఖ

మాస్టారూ, మీరు చూసింది కార్నీలియా పార్కర్ చేసిన 'కోల్డ్ డార్క్ మ్యాటర్'. ఎంత మంచిది చూశారో మీకు తెలియట్లేదు 🙂

1991లో చేసిందది. మామూలు తోట షెడ్డు ఒకటి తీసుకుని, అందులో ఇంట్లో పోగుపడే పాత సామాను అంతా నింపి, బ్రిటిష్ సైన్యాన్ని అడిగి పేల్చించింది. తర్వాత ముక్కల్ని ఏరి, పేలుడు మధ్యలో ఆగిపోయినట్టు గాల్లో వేలాడదీసింది. నడిమధ్యన ఒకే ఒక బల్బు. ముక్కల దగ్గరే ఆగిపోతే సగమే చూసినట్టు. గోడల మీద నీడలు చూశారా? ముక్క బల్బుకి దగ్గరైతే నీడ పెద్దది, దూరమైతే చిన్నది. మనం నడిస్తే మన నీడ కూడా ఆ శిథిలాల్లో కలిసిపోతుంది. ఐర్లాండ్ గొడవల వల్ల ఇంగ్లండ్‌లో బాంబులు పేలుతున్న కాలం అది. టీవీలో రోజూ చూసే పేలుడుని కదలకుండా నిలబెట్టి, చుట్టూ తిరిగి చూడనిచ్చిందావిడ.

తుఫాను పెరట్లో ఎవరూ బల్బు పెట్టరు కదండీ.

లెక్కల_మాస్టారు

నీడలు బల్బువి. అవార్డు బల్బుకి ఇవ్వండి.

రాక్స్_రాజు

బిందు గారూ, నేను ఇరవై ఏళ్ళకి పైగా ఆ చుట్టుపక్కలే ఉద్యోగం చేశాను, లంచ్ టైమ్‌లో లోపలికి దూరి చూసి వచ్చేవాణ్ణి. అప్పట్లో అది కుదిరేది. 2000 నుంచి ఉచితం, పెద్ద పెద్ద వేసవి ప్రదర్శనలకి మాత్రం టికెట్. 2025 జనవరి ఆఖరు నుంచి మళ్ళీ అందరికీ టికెట్ పెట్టారు, పెద్దవాళ్ళకి 20 డాలర్లు. 18 లోపు పిల్లలకి లేదు. రాయితీలు కూడా ఉన్నాయి, మీ అమ్మానాన్నలకి వర్తిస్తాయో లేదో కౌంటర్లో అడగండి. వారంలో ఒక రోజు సెలవు ఉంటుంది, అది చూసుకుని బయల్దేరండి.

నా సలహా ఒక్కటే. మొత్తం చూసేద్దామని వెళ్ళకండి. పెద్దవాళ్ళతో గంటన్నర చాలు. ఒక అంతస్తు నింపాదిగా చూసి, నాలుగో అంతస్తులో కేఫ్‌కి వెళ్ళి కూర్చోండి. అక్కణ్ణుంచి ఒక పక్క బ్రిడ్జి, ఎదురుగా ఒపెరా హౌస్. ఒక తిరకాసు ఉంది, పక్కనే క్రూయిజ్ ఓడలు ఆగే టెర్మినల్. పెద్ద ఓడ వచ్చి నిలబడిన రోజున వ్యూ కొంత దానికే పోతుంది. ఓడలు ఏ రోజు వస్తాయో పోర్టు వాళ్ళ సైట్‌లో ముందే ఉంటుంది.

ట్రైన్ అయితే బ్లాక్‌టౌన్ నుంచి టి1 ఎక్కి విన్‌యార్డ్‌లో దిగి నడవొచ్చు. అమ్మగారి మోకాళ్ళు అన్నారు కాబట్టి సెంట్రల్‌లో మారి సర్క్యులర్ కీ స్టేషన్‌లోనే దిగడం మేలు. స్టేషన్ దాటితే ఎదురుగా మ్యూజియమే.

హారిస్‌పార్క్_బాబాయ్

20 డాలర్లు అంటే ఇద్దరు పెద్దవాళ్ళు, మీరిద్దరు, 80. రాయితీ వస్తే కాస్త తగ్గుతుంది. మీ ఆయన లెక్కలో తప్పేం లేదమ్మా.

కళ చూడాలనే ఉంటే బొటానిక్ గార్డెన్ అవతల ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్ ఉంది, మామూలు ప్రవేశం ఉచితం. 2022 డిసెంబరులో కొత్త భవనం కూడా తెరిచారు, నాలా బదు అంటారు. దాని అడుగున రెండో ప్రపంచ యుద్ధం నాటి నూనె ట్యాంకు ఉంది, ఓడలకి ఇంధనం నిల్వ చేసినది. ఇప్పుడు అందులోనే ప్రదర్శనలు. మెట్లు దిగుతుంటే ఇంకా ఆ నూనె వాసన వస్తున్నట్టే ఉంటుంది. మా ఆవిడకి ఏ బొమ్మా నచ్చలేదు కానీ ఆ ట్యాంకు గురించి ఇప్పటికీ చెబుతుంది.

తొలకరి

స్టూడెంట్స్‌కి వైట్ రాబిట్ గ్యాలరీ బెస్ట్ అండీ, చిప్పెండేల్‌లో, సెంట్రల్ నుంచి నడిచిపోవచ్చు. 2000 తర్వాతి చైనా కళ మాత్రమే పెడతారు, పూర్తిగా ఉచితం. కింద టీ షాపు కూడా ఉంది. టాపిక్‌కి కొంచెం దూరం అనుకోండి, అయినా చెప్పాను.

చిత్రలేఖ

బాబాయ్ గారి మాట సగం నిజం. ఉచితంగా చూడగలిగేది చాలా ఉంది. కానీ టికెట్ పెట్టారని ఈ మ్యూజియాన్ని తిట్టేముందు దాని పుట్టుక ఒకసారి వినండి.

జాన్ పవర్ అని సిడ్నీలో 1881లో పుట్టిన ఆయన. డాక్టరు చదివి, ఆ వృత్తి మానేసి, యూరప్ వెళ్ళి చిత్రకారుడయ్యాడు. 1943లో చనిపోతూ తన ఆస్తి సిడ్నీ యూనివర్సిటీకి చెందేలా వీలునామా రాశాడు. అప్పటికి లోకంలో పుడుతున్న కొత్త కళ, కొత్త ఆలోచనలు ఆస్ట్రేలియా వాళ్ళకి చేరాలి, అందుకోసం బొమ్మలు కొని చూపించాలి అన్నది ఆయన కోరిక. 1961లో ఆయన భార్య పోయాకే ఆ డబ్బు చేతికొచ్చింది. యూనివర్సిటీ కొంటూ పోయింది, పెట్టడానికి చోటు లేదు. ఏళ్ళ తరబడి ఆ సేకరణకి సొంత ఇల్లే లేదు. చివరికి 1991 నవంబరులో హార్బర్ పక్కన ఈ మ్యూజియం తెరిచారు. ఒక డాక్టరు తన ప్రాక్టీసు వదిలేసి బొమ్మలు వేసుకున్నందుకు మిగిలిన ఫలం అది.

మన దగ్గర ఆస్తి ఇలా రాసిస్తే పిల్లలు కోర్టుకి వెళ్తారు, అది వేరే సంగతి.

బ్లాక్‌టౌన్_బిందు

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. రాజు గారూ, ఆ బిల్డింగ్ అంతకుముందు ఏమిటండీ? బయట నుంచి చూస్తే గవర్నమెంట్ ఆఫీసులా ఉంటుంది. ఎందుకు అడుగుతున్నానంటే మా నాన్న కాకినాడ పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు, పాత ఆఫీసు బిల్డింగులు చూస్తే ఆగిపోతారు.

రాక్స్_రాజు

అయ్యో, ఈ ముక్క మొదటి పోస్టులోనే చెప్పాల్సింది కదమ్మా! అది పోర్టు ఆఫీసే.

మారిటైమ్ సర్వీసెస్ బోర్డు అని, న్యూ సౌత్ వేల్స్ రేవులన్నిటినీ నడిపిన ప్రభుత్వ సంస్థ. దాని హెడ్డాఫీసు ఇది. ప్లాను యుద్ధానికి ముందు వేశారు, యుద్ధం వచ్చి పని ఆగింది, పూర్తయ్యేసరికి 1952. అప్పటికి ఆర్ట్ డెకో అనే ఆ తరహా కట్టడాల ఫ్యాషనే పాతబడిపోయింది. రేవు సుంకాలు, లైసెన్సులు, ఓడల రాకపోకల కాగితాలు, అన్నీ ఇక్కడే. 1980ల చివర్లో బోర్డు వేరే చోటికి మారింది, ప్రభుత్వం ఈ భవనాన్ని మ్యూజియానికి ఇచ్చింది. మీ నాన్నగారిని లోపల పాత హాల్లో కాసేపు నిలబెట్టండి. ఫైలు పట్టుకుని క్యూలో నిలబడిన మనుషులు ఆయనకి కనిపిస్తారు, మనకి కనిపించరు.

అలాగే ఉత్తరం పక్కకి తీసుకెళ్ళి కొత్త భాగం చూపించండి. 2012 మార్చిలో తెరిచారు, మోర్డంట్ వింగ్. నలుపు, తెలుపు, గోధుమ రంగు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. 53 మిలియన్ డాలర్లు అయింది. కట్టినప్పుడు ఊరంతా తిట్టుకుంది, పాత భవనం పక్కన ఈ డబ్బాలేమిటని. నాకైతే ఇప్పటికీ బయట నుంచి నచ్చదు, లోపల మాత్రం దాని వల్లే తిరగడం సులువైంది. అంతకుముందు ఆఫీసు గదుల్లో దారి తప్పేవాళ్ళం.

కంటైనర్_కృష్ణ

రాజు గారి పోస్టు చూసి రాయకుండా ఉండలేకపోతున్నాను. నేను షిప్పింగ్ లాజిస్టిక్స్‌లో పనిచేస్తాను. ప్రపంచంలో ఇన్ని ఆర్ట్ మ్యూజియాలు రేవుల పక్కనే ఎందుకు వెలిశాయో ఎప్పుడైనా ఆలోచించారా? కళాకారులకి సముద్రం అంటే ఇష్టమని కాదు. కంటైనర్ వల్ల.

1950ల దాకా ఓడలో సరుకు అంటే బస్తాలు, పీపాలు, పెట్టెలు. కూలీలు మోసి దించేవాళ్ళు, రోజులు పట్టేది, దించిన సరుకు ఒడ్డునే గోదాముల్లో పడి ఉండేది. అందుకే రేవు ఊరి నడిబొడ్డున ఉండేది. 1956 తర్వాత కంటైనర్లు వచ్చాయి. వాటికి లోతైన నీళ్ళు, పెద్ద క్రేన్లు, ఎకరాల కొద్దీ ఖాళీ స్థలం, లారీలకి దారి కావాలి. ఊరి మధ్యలో అవి ఎక్కణ్ణుంచి వస్తాయి? సిడ్నీలో 1970ల చివర్లో పోర్ట్ బోటనీ కట్టారు, కంటైనర్లు మెల్లగా అటు పోయాయి. నగరం మధ్యలో ఉన్న పాత రేవు ఆఫీసులూ షెడ్లూ ఖాళీ. ఖాళీ భవనం, మంచి వ్యూ, ప్రభుత్వ భూమి, మూడూ ఒకచోట ఉంటే ఇంకేముంది.

దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ చూడండి. రేవులో ధాన్యం నిల్వ చేసే కాంక్రీటు గొట్టాలు, 1920ల నాటివి, 42 ఉండేవి. పనికిరాకుండా పోయాక వాటిని లోపల నుంచి కోసి, నడుమ పెద్ద హాలు తొలిచి, 2017లో జైట్జ్ మోకా అని ఆఫ్రికా సమకాలీన కళ మ్యూజియం తెరిచారు. పని మీద వెళ్ళినప్పుడు చూశాను. బొమ్మల కన్నా ముందు ఆ కోసిన గొట్టాల అంచులే చూస్తూ నిలబడిపోయాను. మన దేశంలో కొచ్చి సంగతీ అంతే. 2012 డిసెంబరు 12న మొదలైన బినాలేకి, అంటే రెండేళ్ళకోసారి జరిగే కళా ప్రదర్శనకి, ముఖ్యమైన చోటు యాస్పిన్‌వాల్ హౌస్, ఇంగ్లిష్ వాళ్ళ కాలంలో మిరియాలు, కొబ్బరి పీచు వ్యాపారం చేసిన గోదాముల ఆవరణ.

బిందు గారి నాన్నగారికి ఈ లైన్‌లో చెప్పండి. పోర్టు మనిషికి వెంటనే అర్థమవుతుంది.

వైజాగ్_కెరటం

కృష్ణ అన్నా, మరి మా వైజాగ్‌కి ఎందుకు రాలేదు? రేవు ఉంది, బీచ్ ఉంది, రోడ్డు పక్కన కుర్సురా సబ్‌మెరైన్ కూడా ఉంది 😄 ఫైబర్‌గ్లాస్‌తో బంగారు రంగు పెద్ద పెద్ద ఆడవాళ్ళ తలలు చేసే రవీందర్ రెడ్డి గారు ఆంధ్రా యూనివర్సిటీలో పాఠాలు చెప్పినాయనే. ఆయన బొమ్మలు విదేశీ మ్యూజియాల్లో చూడాలి, మా ఊళ్ళో వాటికొక సరైన ఇల్లు లేదు.

కంటైనర్_కృష్ణ

తమ్ముడూ, మీ రేవు ఇంకా పనిచేస్తోంది. అది మంచి విషయమే కదా. సిడ్నీలో పని పోయిన చోటికి కళ వచ్చింది.

వైజాగ్_కెరటం

ఆ లెక్కన మాకు మ్యూజియం రావాలంటే పోర్టు మూతపడాలా. వద్దులే అన్నా, సబ్‌మెరైన్‌తో సర్దుకుంటాం. అయినా రెండూ ఉండకూడదని రూలేమైనా ఉందా? కుర్సురా ఖాళీగా ఉండదు, జనం టికెట్ కొనుక్కునే చూస్తున్నారు. చూడ్డానికి ఏదైనా పెడితే మనవాళ్ళు రారనేది ఉత్త మాట.

లెక్కల_మాస్టారు

సబ్‌మెరైన్ అంటే అర్థమవుతుందయ్యా. లోపలికి వెళ్తే ఇది ఇంజను, ఇది టార్పెడో అని చెబుతారు. అదే ఆర్ట్ మ్యూజియంలో బోర్డు మీద రాసింది చదివితే ఉన్న అర్థం కూడా పోతుంది. "ఉనికి, స్మృతి, స్థలాల మధ్య సంభాషణ" ఇట్లా ఉంటుంది. ఎవరు ఎవరితో సంభాషిస్తున్నారు?

చిత్రలేఖ

ఈ ఒక్క విషయంలో మాస్టారి పక్షమే నేను. ఫైన్ ఆర్ట్స్ చదివినదాన్ని, నాకే ఆ బోర్డులు కొన్నిసార్లు మింగుడుపడవు. అందుకే నా పద్ధతి: ముందు బోర్డు చదవొద్దు. వస్తువు ముందు నిలబడి ఇది దేనితో చేశారు, ఎంత బరువుంటుంది, ఎలా నిలబడింది, ఎంతసేపు పట్టి ఉంటుంది అని చూడండి. తర్వాత కావాలంటే పేరు, ఏడాది చూసుకోండి. కొన్నిటి ముందు ఏమీ అనిపించదు, అప్పుడు పక్కదానికి వెళ్ళిపోవడమే. అందులో సిగ్గుపడాల్సింది లేదు.

అనీష్ కపూర్ ప్రదర్శన ఇక్కడే జరిగింది, 2012 డిసెంబరు నుంచి 2013 ఏప్రిల్ దాకా. ముంబైలో పుట్టినాయన. బయట గడ్డిలో 'స్కై మిర్రర్' అని పెద్ద స్టీలు అద్దం పెట్టారు, ఆకాశాన్ని కిందకి దించినట్టు ఉండేది. లోపల 'మై రెడ్ హోమ్‌ల్యాండ్'. 25 టన్నుల ఎర్ర మైనం, గుండ్రంగా పోసి ఉంటుంది. దాని మధ్యలోంచి ఒక ఇనుప చెయ్యి గడియారం ముల్లులా మెల్లగా, కంటికి తెలియనంత మెల్లగా తిరుగుతూ మైనాన్ని కోసుకుంటూ పోతుంది. నేను చూసినప్పుడు ఒక పంజాబీ తాతగారు కుర్చీ అడిగి తెప్పించుకుని, ముల్లు ఒక చుట్టు పూర్తయ్యేదాకా కూర్చున్నారు. బోర్డు వైపు తిరిగి కూడా చూడలేదు. ఆ గదిలో అందరికన్నా బాగా చూసింది ఆయనే.

మోడరేటర్

చర్చ బాగుంది. ప్రశ్న మాత్రం పెద్దవాళ్ళని తీసుకెళ్ళడం గురించి, అది మర్చిపోవద్దు. వైజాగ్ మ్యూజియం గురించి కొత్త థ్రెడ్ తెరవండి.

నల్లమల_నాగ

ఎవరూ అసలైనది చెప్పలేదు. ఆ మ్యూజియంలో నాకు ముఖ్యమైనవి ఆస్ట్రేలియా ఆదివాసుల కళాకృతులు. అవి చూడకుండా వస్తే వెళ్ళి లాభం లేదు. మ్యూజియం ఉన్న నేల గాడిగల్ ప్రజలది, ఆ చోటుని తల్లవొలదా అనేవాళ్ళు. 1788 జనవరిలో ఇంగ్లిష్ ఓడలు వచ్చి దిగింది ఆ రేవులోనే. అంటే వలస రాజ్యం మొదలైన ఒడ్డు మీద నిలబడి, ఆ నేల అసలు మనుషులు ఇవాళ వేస్తున్న బొమ్మలు చూస్తున్నామన్నమాట.

ఉత్తరాన ఆర్న్‌హెమ్ ల్యాండ్ నుంచి వచ్చిన చెట్టుబెరడు చిత్రాలు ఎలా చేస్తారో తెలిస్తే చూసే తీరే మారిపోతుంది. స్ట్రింగీబార్క్ అనే యూకలిప్టస్ చెట్టు బెరడు. వానాకాలంలో చెట్టులో రసం బాగా ఉన్నప్పుడు గాటు పెడితే పెద్ద పలకలా ఊడి వస్తుంది. దాన్ని నిప్పు సెగ మీద కాచి, బరువులు పెట్టి చదును చేస్తారు. రంగులన్నీ నేలలోవే. ఎర్ర మట్టి, పసుపు మట్టి, తెల్ల సుద్ద, బొగ్గు నలుపు. వెనకటికి ఆర్కిడ్ మొక్కల రసంతో రంగు పట్టించేవారు, ఇప్పుడు ఎక్కువగా జిగురు వాడుతున్నారు. సన్నగీతల అల్లిక వేసే కుంచె కొన్ని వెంట్రుకలు మాత్రమే ఉన్న పొడవాటి కుంచె. చెయ్యి వణికితే అయిపోయినట్టే. దగ్గరికెళ్ళి చూడండి, దూరం నుంచి ఒకే రంగులా కనిపించే చోట వందల గీతలుంటాయి.

ఇంకో సంగతి. ఆ గీతల నమూనాలు ఎవరు పడితే వాళ్ళు వేయకూడదు. ఏ వంశానికి ఏ చోటు, ఏ కథ, ఏ గీత అన్నది కట్టుబాటు. వేసే హక్కు పెద్దల నుంచి రావాలి. "మా పిల్లాడూ గీస్తాడు" అనే మాట ఈ గది బయటే వదిలేసి రావాలి.

గుమ్మం దగ్గర, చనిపోయినవాళ్ళ పేర్లూ ఫోటోలూ లోపల ఉండొచ్చని ఆదివాసీ సందర్శకులను హెచ్చరిస్తూ బోర్డు ఉండొచ్చు. వాళ్ళలో చాలా సమూహాల్లో పోయినవారి పేరు కొంతకాలం పలకరు. పిల్లలు అడిగితే చెప్పండి.

హారిస్‌పార్క్_బాబాయ్

నాగ గారూ, చాలా బాగా రాశారు. ఆదివాసుల పనులు ఆర్ట్ గ్యాలరీలో కూడా బోలెడు ఉన్నాయి, ఉచితంగా. ఇంకేమీ అనను.

నల్లమల_నాగ

ఉన్నాయి బాబాయ్, రెండూ చూడండి. కానీ ఆ రేవు ఒడ్డు అక్కడ లేదు.

బ్లాక్‌టౌన్_బిందు

వెళ్ళొచ్చాం! అందరూ అడిగారు కాబట్టి రాస్తున్నా.

మా ఆయన్ని కూడా లాక్కెళ్ళాను. నాన్న లోపలికి వెళ్ళకుండా ముందు భవనం చుట్టూ తిరిగారు. రాతి పలకల అతుకులు చూసి, మా ఆఫీసు సున్నం కొట్టి వదిలేశారు, వీళ్ళు రాయి తొడిగారు అన్నారు. హాల్లో నిలబడి కౌంటర్లు ఏ పక్క ఉండి ఉంటాయో అమ్మకి చెబుతున్నారు. ఓడ కెప్టెన్ కాగితాలు ఎక్కడ ఇస్తాడు, ఏజెంటు ఎక్కడ కూర్చుంటాడు, సంతకం ఎవరిది, అన్నీ ఊహించేశారు. అక్కడి ఉద్యోగిని ఒకావిడ ఆసక్తిగా వింటే నేను మధ్యలో ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆవిడ తిరిగి అడిగిన ప్రశ్నలకి నాన్న ఇంకో పావుగంట. బొమ్మల్లో ఆయనకి ఒక వీడియో తప్ప ఏదీ పట్టలేదు. చీకటి గదిలో బెంచీ ఉంది, ఏసీ ఉంది, హాయిగా ఓ కునుకు తీశారు.

అమ్మ సంగతి వేరు. ఆదివాసుల అల్లికల దగ్గర ఆగిపోయింది. బుట్టలు, చాపలు, చేపలు పట్టే పొడవాటి అల్లికలు. "ఇది మొగలాకులా ఉందే" అంది. చూస్తే నిజంగానే ప్యాండనస్ అని రాసి ఉంది! మొగలి జాతి చెట్టే. వాళ్ళ అమ్మమ్మ ఊళ్ళో మొగలాకు చాపలు అల్లేవాళ్ళట. ముళ్ళు ఎలా తీస్తారు, ఎండకి ఆరబెట్టేముందు చీలికలు ఎలా చేస్తారు, నాకు జీవితంలో ఎప్పుడూ చెప్పని విషయాలు అక్కడ నిలబడి చెప్పింది. రంగులు దేనితో వేశారని అడిగింది. వేళ్ళూ దుంపలూ ఉడకబెట్టి అని అక్కడి ఉద్యోగి చెప్పాడు. తర్వాత ఒక పెయింటింగ్ చూసి మాత్రం "ఇది తలకిందులుగా పెట్టలేదు కదా?" అని మెల్లగా అడిగింది.

చెట్టుబెరడు చిత్రం ఒకటి నాగ గారు చెప్పినట్టు దగ్గరికెళ్ళి చూశాను. మరీ దగ్గరికెళ్తే సిబ్బంది వెనక్కి రమ్మన్నారు, జాగ్రత్త. పెద్ద బ్యాగులు కింద పెట్టి వెళ్ళమన్నారు. కూర్చోడానికి బెంచీలు ఫర్వాలేదు, అంతస్తులకి లిఫ్టు ఉంది, అమ్మకి ఇబ్బంది కాలేదు. కేఫ్‌లో కాఫీ ధర చూసి మా ఆయన మొహం చూడాలి. ఆ రోజు ఓడ లేదు, వ్యూ మొత్తం మాదే.

లెక్కల_మాస్టారు

నాన్నగారు కునుకు తీసిన గది ఎన్నో అంతస్తు? ఈసారి అల్లుడు రమ్మంటే వెళ్తాను.

రాక్స్_రాజు

ఆ ఉద్యోగినికి పోర్టు ఆఫీసు పని విధానం మీ నాన్నగారి నోట వినడం భలే అవకాశం. మళ్ళీ వెళ్తే అదే వీధిలో పైకి నడవండి, రాక్స్‌లో క్యాడ్‌మన్స్ కాటేజ్ అని 1816 నాటి చిన్న ఇల్లు ఉంది. ప్రభుత్వ పడవలు నడిపేవాళ్ళ కోసం కట్టినది. కట్టినప్పుడు నీళ్ళు దాని ముంగిట దాకా వచ్చేవి, తర్వాత ఒడ్డు పూడ్చి ముందుకి జరిపారు. నాన్నగారికి అది కూడా నచ్చుతుంది, పైగా బయట నుంచి చూడ్డానికి టికెట్ లేదు.

తొలకరి

బిందు అక్కా, అమ్మగారు చెప్పిన మొగలాకు చాప సంగతి ఫోన్లో రికార్డు చేసి పెట్టండి ప్లీజ్. అదొక్కటే నేను అడిగేది.

పెండిల్‌హిల్_పద్మ

థ్రెడ్ మొత్తం చదివాను, చాలా ఉపయోగం. నాది వేరే ప్రశ్న. మా బాబుకి ఆరేళ్ళు, ఆటిజం ఉంది. గట్టి శబ్దాలు, జనం ఎక్కువైతే తట్టుకోలేడు. పాపని స్ట్రోలర్‌లో తీసుకెళ్ళాలి. ఇలాంటి చోటికి వెళ్ళే ధైర్యం ఇప్పటిదాకా చేయలేదు. కుదురుతుందంటారా?

చిత్రలేఖ

కుదురుతుంది పద్మ గారూ. అక్కడ జాక్సన్ బెల్లా రూమ్ అని ఒక గది ఉంది. ప్రత్యేక అవసరాలున్న సందర్శకులను దృష్టిలో పెట్టుకుని ఒక కళాకారుడి చేత చేయిస్తారు, కొంతకాలానికి ఇంకొకరి చేత మారుస్తారు. ముట్టుకుని, వాసన చూసి, విని ఆడుకునేలా ఉంటుంది. ఎప్పుడు తెరిచి ఉంటుంది, అప్పుడు ఏం పెట్టారు అన్నది ముందే ఫోన్ చేసి కనుక్కోండి, జనం తక్కువుండే సమయం కూడా అడగండి. నా అనుభవంలో సెలవులు లేని మామూలు రోజు, తెరిచిన తొలి గంటలో ప్రశాంతంగా ఉంటుంది. చీకటి వీడియో గదులు ఒక్కోసారి హఠాత్తుగా పెద్ద శబ్దం చేస్తాయి, ముందు మీరు తొంగి చూసి బాబుని తీసుకెళ్ళండి. చెవులకి హెడ్‌ఫోన్లు ఉంటే తెచ్చుకోండి.

రాక్స్_రాజు

స్ట్రోలర్ సంగతి నేను చెప్తా. రెండు గుమ్మాలున్నాయి, నీళ్ళ వైపు ఒకటి, జార్జ్ స్ట్రీట్ వైపు ఒకటి. రెండు వీధులకీ ఎత్తు తేడా ఉంది, మధ్యలో మెట్లు. మీరు స్టేషన్ నుంచి వస్తారు కాబట్టి నీళ్ళ వైపు గుమ్మం నుంచే వెళ్ళి, లోపల లిఫ్టు ఎక్కండి. బాబు విసుక్కుంటే బయట గడ్డి ఉండనే ఉంది, ఫెర్రీలు వస్తూపోతూ ఉంటాయి.

పెండిల్‌హిల్_పద్మ

వాడికి ఫెర్రీలంటే ప్రాణం. రేపే ఫోన్ చేస్తాను.